ఎక్స్‌రేలో మచ్చకు పేరు తెలియాల్సిందే!

ఊపిరితిత్తుల్లో వచ్చే గడ్డలన్నీ ఒకటి కావు. అరుదుగా కనిపించే కొన్ని గడ్డలు సమయానికి దొరికితే పూర్తిగా నయమవుతాయి. ‘టీబీ అయ్యుంటుంది’, ‘ఆస్తమాలే’, ‘పలకల దుమ్ము పట్టింది’ అని సరిపెట్టుకోవటంతోనే అసలు చిక్కంతా!

మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, కొమరోలు... పశ్చిమ ప్రకాశంలో ఏ ఊరి నుంచి వచ్చినా, దీర్ఘకాలంగా దగ్గుతున్నవారి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మడతలు పడ్డ ఎక్స్‌రేలు, ఎక్కడెక్కడివో మందుల చీటీలు, సగం వాడి వదిలేసిన ఇన్‌హేలర్. చాలాసార్లు జబ్బు పేరు ఆ కవరులోనే ఉంటుంది. దాన్ని తీసి వరసగా పేర్చి చూసేవాళ్లే ఉండరు.

అలాంటి రెండు కవర్ల గురించి మీకు చెప్పాలి. రోగులెవరో తెలియకుండా వివరాలు కొద్దిగా మార్చాను.

మొదటిది గిద్దలూరు వైపు నుంచి వచ్చిన 38 ఏళ్ల మహిళది. మూడేళ్లుగా ఆయాసం, పిల్లికూతలు. ‘ఆస్తమా’ అన్నారు. ఇంజెక్షన్ చేయించుకుంటే నాలుగు రోజులు హాయిగా ఉండేది, మళ్లీ మామూలే. ఏడాదికి రెండుసార్లు జ్వరంతో నెమ్ము చేసేది. ఆమె కవరులోని ఐదు ఎక్స్‌రేలనూ తేదీలవారీగా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. నెమ్ము ప్రతిసారీ ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలోనే వచ్చింది. ఆస్తమా రెండు వైపులా ఉంటుంది. ప్రతిసారీ ఒకే చోట నెమ్ము చేస్తోందంటే అక్కడ గాలి దారికి ఏదో అడ్డం పడి ఉండాలి. సిటీ స్కాన్ చేయిస్తే శ్వాసనాళంలో రేగిపండంత గడ్డ కనిపించింది. ముక్క పరీక్షలో దాని పేరు తేలింది... కార్సినాయిడ్ ట్యూమర్. ఆపరేషన్‌తో తీసేశారు. ఇప్పుడామె ఇన్‌హేలర్ వాడటం లేదు. ఏడాదికోసారి స్కాన్ చూపించుకొని వెళుతుంది.

రెండో కవరు పలకల ఫ్యాక్టరీలో పాతికేళ్లు రాయి కోసిన 56 ఏళ్ల పెద్దాయనది. ఎక్స్‌రేలో పైభాగాన మచ్చ ఉంది. ఆయన చేసిన పని తెలుసు కాబట్టి, ‘ఇది దుమ్ము వల్ల పడిన పాత మచ్చ’ అని నేనే చెప్పాను. పాత ఎక్స్‌రే ఉందా అని అడగలేదు. ఎనిమిది నెలల తర్వాత బరువు తగ్గి, దగ్గులో రక్తం పడుతూ తిరిగి వచ్చారు. అది సార్కోమటాయిడ్ కార్సినోమా అనే అరుదైన, దుడుకు స్వభావం గల క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. ‘‘పాత మచ్చేనన్నారు గదా సార్’’ అన్నారాయన, నిష్ఠూరం లేకుండానే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ గడ్డ స్వభావం చూస్తే, ఎనిమిది నెలల ముందు కనిపెట్టినా ఆయన తప్పకుండా బతికేవారని చెప్పలేను. కానీ ఆపరేషన్‌కు ఒక అవకాశమైనా ఉండేది.

ఈ రెండు కథల మధ్య తేడాలో అదృష్టం పాలు కొంత ఉంది. కానీ అదృష్టంతో పనిలేని కారణాలు చాలా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో అరుదైన గడ్డ వచ్చినవారు ఎంతకాలం బతుకుతారన్నది ఏయే అంశాల మీద ఆధారపడుతుంది? వాటిలో మన చేతిలో ఉన్నవేవి? అదే ఇప్పుడు చూద్దాం.

మన ప్రాంతంలో ఎందుకింత తికమక?

మార్కాపురం పలక పట్టుకొని అక్షరాలు దిద్దిన తరాలు చాలా ఉన్నాయి. తర్వాత ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి బడి పలకకు గిరాకీ తగ్గినా, గోడలకూ గచ్చులకూ వాడే డిజైన్ రాళ్ల రూపంలో ఆ పరిశ్రమ నిలబడింది. పలక రాయిలో క్వార్ట్‌జ్, అంటే సిలికా ఉంటుంది. రాయిని కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించనంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల అట్టడుగు గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. వాటిని మింగిన రక్షణ కణాలు చచ్చిపోతాయి. అక్కడ గట్టి మచ్చ పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే వచ్చేదే సిలికోసిస్. పని మానేసిన తర్వాత కూడా ఇది ముదరవచ్చు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికులను దశాబ్దాల కిందట పరీక్షించినప్పుడు వారిలో సిలికోసిస్ విపరీతంగా బయటపడింది. అక్కడి బలపానికీ మన పలకకూ సరుకు వేరు, దుమ్ము మాత్రం ఒకే జాతిది.

సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు మామూలువారికన్నా కొన్ని రెట్లు ఎక్కువ. మరోవైపు సిలికా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. సిలికోసిస్ ముదిరి మచ్చలన్నీ ఒకచోట ముద్ద కట్టినప్పుడు, అది ఎక్స్‌రేలో అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. అంటే మన దగ్గర ఎక్స్‌రేలో ఒక మచ్చ కనిపించిందంటే అది టీబీ కావచ్చు, రాతి దుమ్ము మచ్చ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు, లేదా వీటిలో రెండు కలిసి ఉండొచ్చు. వీటిలో ఏది అన్నది నీడను చూసి చెప్పటం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా కష్టమే.

దీనికి చుట్ట, బీడీ, కట్టెల పొయ్యి పొగ తోడవుతాయి. ఫ్లోరైడ్ నీళ్ల గురించి మాట్లాడుకున్నంతగా మనం గాలి గురించి మాట్లాడుకోం. ‘దగ్గు మామూలే’ అనుకుంటాం. చాలా నెలలు ఆ మాటలోనే కరిగిపోతాయి.

అరుదైన గడ్డలంటే ఏవి?

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే మనకు గుర్తొచ్చేది పొగతాగేవారి జబ్బు. ఎక్కువమందిలో కనిపించే అడినోకార్సినోమా, స్క్వామస్ సెల్, స్మాల్ సెల్ రకాలను పక్కన పెడితే మిగిలేవి అరుదైనవి. పేరు అరుదైనది కాబట్టి జబ్బు కూడా భయంకరంగా ఉంటుందనుకోవద్దు. వీటిలో కొన్ని మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ కన్నా ఎంతో సాధువైనవి. మరికొన్ని దానికన్నా దుడుకువి.

హమార్టోమా: ఇది క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తిలోని కణజాలమే అడ్డదిడ్డంగా పెరిగిన ముద్ద. సిటీ స్కాన్‌లో కొవ్వు, పాప్‌కార్న్ ఆకారంలో సున్నం కనిపిస్తే దీన్ని పోల్చుకోవచ్చు. చాలామందికి చికిత్సే అక్కర్లేదు.

కార్సినాయిడ్: ఊపిరితిత్తుల గడ్డల్లో ఇవి నూటికి ఒకటి రెండే. హార్మోన్ల వంటి పదార్థాలను తయారుచేసే న్యూరోఎండోక్రైన్ కణాల నుంచి పుడతాయి. చాలామంది పొగ తాగనివారే. యువకుల్లోనూ నడివయసువారిలోనూ కూడా వస్తుంది. ‘క్యాన్సర్‌ను పోలినది’ అనే అర్థంలో జర్మన్ వైద్యుడు ఓబెర్న్‌డోర్ఫర్ 1907లో దీనికి ఆ పేరు పెట్టాడు. నెమ్మదిగా పెరిగే ‘టిపికల్’ రకం, కాస్త వేగంగా పెరిగే ‘ఎటిపికల్’ రకం అని ఇందులో రెండున్నాయి.

లాలాజల గ్రంథుల తరహా గడ్డలు: నోట్లో లాలాజలం ఊరించే గ్రంథుల్లాంటివే శ్వాసనాళాల గోడల్లోనూ ఉంటాయి. వాటి నుంచి పుట్టేవి మ్యూకోఎపిడెర్మాయిడ్, అడినాయిడ్ సిస్టిక్ అనే గడ్డలు. మొదటిది పిల్లల్లో, యువకుల్లో కూడా వస్తుంది. రెండోది నెమ్మదిగా పెరిగినా నరాల వెంట పాకుతూ, ఏళ్ల తర్వాత తిరగబెట్టే గుణం ఉన్నది.

ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్: పిల్లలు, యువకుల్లో ఎక్కువ. సుమారు సగం మందిలో ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆపరేషన్ కుదరనివారికి దానిమీద పనిచేసే మాత్రలు ఇప్పుడు ఉన్నాయి.

సార్కోమటాయిడ్ కార్సినోమా, లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా: ఇవి దుడుకువి. ఎక్కువగా పొగతాగేవారిలో వస్తాయి. త్వరగా పాకుతాయి.

మెసోథీలియోమా: ఇది ఊపిరితిత్తిలో కాదు, దాన్ని కప్పి ఉంచే పొరలో వస్తుంది. ప్రధాన కారణం ఆస్బెస్టాస్ అనే రాతినార. దాన్ని పీల్చిన 20 నుంచి 40 ఏళ్ల తర్వాత కూడా జబ్బు బయటపడవచ్చు. మన పక్కనే కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినార గనులు ఉండేవి. అలాంటి గనుల్లో పనిచేసినవారు, పాత సిమెంటు రేకులు కోసే పనిచేసినవారు ఆ సంగతిని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఎంతకాలం బతుకుతారన్నది వేటిని బట్టి?

‘‘ఇంకెన్నాళ్లు సార్?’’ అని రోగి బయటికి వెళ్లాక బంధువులు గొంతు తగ్గించి అడుగుతారు. డాక్టర్లు సాధారణంగా ‘ఐదేళ్ల మనుగడ’ లెక్క చెబుతారు. జబ్బు బయటపడిన వంద మందిలో ఐదేళ్ల తర్వాత ఎంతమంది జీవించి ఉన్నారన్న లెక్క ఇది. ఐదేళ్లే బతుకుతారని దీనర్థం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే చాలా దేశాల్లో ఈ లెక్క 10 నుంచి 20 శాతమే. కానీ అరుదైన గడ్డలకు ఈ సగటును అంటగట్టకూడదు. వీటిలో మనుగడను ప్రధానంగా ఆరు అంశాలు నిర్ణయిస్తాయి.

1. గడ్డ రకం: అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. టిపికల్ కార్సినాయిడ్‌ను పూర్తిగా తీసేస్తే నూటికి 90 మంది వరకూ ఐదేళ్లు దాటి జీవిస్తారు. ఎటిపికల్ రకంలో ఇది 50 నుంచి 70 మధ్య ఉంటుంది. తక్కువ తీవ్రత ఉన్న మ్యూకోఎపిడెర్మాయిడ్ గడ్డను మొత్తంగా తీసేస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. సార్కోమటాయిడ్ రకం ముదిరాక దొరికితే మాత్రం నెలల లెక్కే. స్కాన్‌లో ఇవన్నీ ఇంచుమించు ఒకేలా కనిపించవచ్చు. తేడా చెప్పేది ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. 2018లో నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ వచ్చిందని ప్రకటించారు. 2020లో మరణించారు. అప్పటి నుంచి ఆ పేరు రిపోర్టులో కనిపిస్తే చాలు జనం హడలిపోతున్నారు. న్యూరోఎండోక్రైన్ అన్నది ఒక ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో నెమ్మదస్తులూ ఉంటారు, దుడుకువారూ ఉంటారు. గడ్డ ఏ అవయవంలో ఉంది, ఏ తీవ్రతలో ఉంది అన్నది తెలియకుండా ఒకరి కథను మరొకరికి అన్వయించుకోవద్దు.

2. దశ: గడ్డ ఎంత పెద్దది, పక్కన ఉన్న లింఫ్ గ్రంథులకు పాకిందా, కాలేయం, ఎముకలు, మెదడు వంటి చోట్లకు వెళ్లిందా అన్నది రెండో అంశం. టిపికల్ కార్సినాయిడ్ పది మందిలో ఒకరిద్దరికే లింఫ్ గ్రంథులకు పాకి ఉంటుంది. ఎటిపికల్‌లో ఇది సగం మందికి దగ్గరగా ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు పూర్తి స్కాన్లు, ఆపరేషన్‌లో లింఫ్ గ్రంథుల పరీక్ష తప్పనిసరి.

3. పూర్తిగా తీయగలగటం: అరుదైన గడ్డల్లో ఎక్కువవాటికి ప్రధాన చికిత్స ఆపరేషనే. గడ్డను అంచుల్లో కూడా మిగలకుండా తీయగలిగితే ఫలితం వేరుగా ఉంటుంది. శ్వాసనాళంలో పెరిగిన గడ్డను ఆ ముక్క వరకూ కోసి తీసి, నాళం రెండు కొసలనూ మళ్లీ కలిపి కుట్టే ‘స్లీవ్’ ఆపరేషన్ ఉంది. దానితో మంచి ఊపిరితిత్తిని కాపాడుకోవచ్చు. ఆలస్యమైతే మాత్రం గడ్డకు అవతల ఉన్న భాగమంతా పదే పదే నెమ్ము చేసి పాడైపోతుంది. అప్పుడు ఊపిరితిత్తి మొత్తాన్నీ తీయాల్సి రావచ్చు.

4. ఒంట్లో సత్తువ: రోగి తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా? పగలు సగం పైగా మంచం మీదే ఉంటున్నారా? బరువు తగ్గారా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు చాలా క్యాన్సర్లలో మనుగడను ముందే సూచిస్తాయి. సిలికోసిస్, సీఓపీడీ, అదుపులో లేని షుగరు ఉంటే ఆపరేషన్‌ను తట్టుకునే శక్తి తగ్గుతుంది. గడ్డ తీయగలిగేదే అయినా, మిగిలే ఊపిరితిత్తి ఒంటికి సరిపోదనిపిస్తే సర్జన్ ముందుకు వెళ్లలేరు.

5. గడ్డలోని జన్యు మార్పులు: ముక్కను పరీక్షించి ఏఎల్‌కే, ఈజీఎఫ్‌ఆర్, మెట్ వంటి మార్పులు ఉన్నాయేమో చూస్తారు. సార్కోమటాయిడ్ వంటి మొండి రకంలో కూడా కొందరిలో మెట్ జన్యువులో మార్పు దొరుకుతుంది. అలాంటివారికి దానికి తగ్గ మాత్రలు పనిచేసే అవకాశం ఉంటుంది. అందుకే బయాప్సీ ముక్క పరీక్షకు సరిపడా తీయటం ముఖ్యం.

6. ఆలస్యం: మొదటి దగ్గుకూ, జబ్బు పేరు తెలియటానికీ మధ్య గడిచిన కాలం. గడ్డ రకాన్ని మనం మార్చలేం. దశను, ఆపరేషన్ అవకాశాన్ని, ఒంట్లో సత్తువను మాత్రం ఈ ఆలస్యమే దెబ్బతీస్తుంది. ఈ ఆరింటిలో నూటికి నూరుపాళ్లూ మనుషుల చేతిలో ఉన్నది ఇదొక్కటే.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

మొదటి మలుపు దగ్గు మందు. పొడి దగ్గుకు నెల రోజులు సిరప్ తాగుతారు. తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్. గడ్డ చుట్టూ ఉన్న వాపు దానితో తగ్గుతుంది కాబట్టి కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది. ఈ తాత్కాలిక హాయి చాలామందిని మోసం చేస్తోంది.

రెండో మలుపు టీబీ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కాబట్టి మచ్చ కనిపిస్తే ముందు టీబీ అనుమానించటంలో తప్పులేదు. కానీ అనుమానాన్ని రుజువు చేసుకోవాలి. కళ్లెను సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రంలో పరీక్షిస్తే కొన్ని గంటల్లో టీబీ క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. క్రిమి కనిపించకపోయినా ‘ఎందుకైనా మంచిది’ అని ఆరు నెలలు టీబీ మందులు వాడేస్తే, లోపల గడ్డ ఉన్నవారికి ఆ ఆరు నెలలూ నష్టమే. అలాగని, ఇది చదివి మీరు వాడుతున్న టీబీ మందుల్ని సొంతంగా ఆపొద్దు. రుజువైన టీబీకి ఆ మందులే ప్రాణదాతలు. రెండు నెలలు సక్రమంగా వాడినా బరువు పెరగకపోతే, ఎక్స్‌రేలో మచ్చ తగ్గకపోతే, ‘ఇంకేదైనా ఉందేమో చూడండి’ అని డాక్టరును అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

మూడో మలుపు ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్న మాట. శ్వాసనాళం లోపల పెరిగే చిన్న గడ్డ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుండి, లక్షణాలు తగ్గకపోతే సిటీ స్కాన్ అవసరం.

నాలుగో మలుపు, నేను పొరబడిన చోటు... ‘దుమ్ములో పనిచేశారు కదా, ఇది ఆ మచ్చే’ అనుకోవటం. దుమ్ము వల్ల పడిన మచ్చలు సాధారణంగా రెండు వైపులా ఉంటాయి, ఏళ్ల మీద మెల్లగా మారతాయి. ఒకవైపే ఉన్నది, నెలల్లో పెరిగింది అయితే దాన్ని వదలకూడదు. పాత ఎక్స్‌రే ఉంటే ఈ సంగతి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఆ పెద్దాయన తర్వాత నేను ఏ మచ్చ గురించీ పాత ఫిల్మ్ అడగకుండా మాట్లాడటం లేదు.

ఈ లక్షణాలుంటే ఆగొద్దు

• మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, లేదా పాత దగ్గు తీరు మారటం
• కళ్లెలో రక్తపు చార, ఒక్కసారి పడినా సరే
• ఇన్‌హేలర్లకు లొంగని పిల్లికూతలు, ముఖ్యంగా ఒకవైపే వినిపిస్తుంటే
• ఒకే చోట రెండుసార్లు నెమ్ము చేయటం
• కారణం లేకుండా బరువు తగ్గటం, గొంతు బొంగురుపోవటం
• ఛాతీలో ఒకవైపు నీరు చేరటం, తీసినా మళ్లీ చేరటం
• పలకల ఫ్యాక్టరీల్లో, క్వారీల్లో, క్రషర్లలో పనిచేసినవారికి కొత్తగా ఆయాసం పెరగటం

పేరు తెలుసుకునే దారి

సిటీ స్కాన్‌లో గడ్డ ఉందని తేలాక తర్వాతి మెట్టు ముక్క తీయటం. గడ్డ శ్వాసనాళం దగ్గరుంటే బ్రాంకోస్కోపీతో, అంచున ఉంటే స్కాన్‌లో చూస్తూ సూదితో తీస్తారు. కార్సినాయిడ్ గడ్డలకు రక్తనాళాలు ఎక్కువ, ముక్క తీస్తే రక్తం కారవచ్చు. అందుకే దానికి సిద్ధంగా ఉన్న పెద్ద కేంద్రంలోనే చేయించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిన్న ముక్క నలిగిపోతే, కార్సినాయిడ్ కూడా మైక్రోస్కోప్ కింద స్మాల్ సెల్ క్యాన్సర్‌లా కనిపించవచ్చు. మొదటిది ఆపరేషన్‌తో నయమయ్యేది. రెండోది వేగంగా పాకే రకం, దానికి ప్రధానంగా కీమోథెరపీ ఇస్తారు. రెండింటి దారులు పూర్తిగా వేరు. కాబట్టి ఎన్నడూ పొగ తాగనివారికి, చిన్న వయసువారికి ‘స్మాల్ సెల్’ అని రిపోర్టు వస్తే, చికిత్స మొదలుపెట్టే ముందు ఆ స్లైడ్లను మరో అనుభవజ్ఞుడైన పాథాలజిస్టుకు చూపించమని అడగండి. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ప్రత్యేక రంగుల పరీక్ష, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 పరీక్ష ఇక్కడ ఎంతో ఉపయోగపడతాయి. ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మను ‘బ్లాక్’ అంటారు. రెండో అభిప్రాయం కోసం అడిగితే ల్యాబ్ నుంచి దాన్ని తీసుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో మొదటి పరీక్షలు పూర్తిచేసుకోండి. ఆపైన ఒంగోలు, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో సహకారంతో ఏర్పడిన క్యాన్సర్ విభాగం ఉంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ స్టేషన్లలో ఎక్కితే రైలు నేరుగా గుంటూరు చేరుస్తుంది. గిద్దలూరు వైపు వారికి నల్లమల దాటి నంద్యాల మీదుగా కర్నూలు వెళ్లటం వీలు. తిరుపతిలో స్విమ్స్, హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఊరు ఏదైనా, ఛాతీ సర్జన్, క్యాన్సర్ వైద్యుడు, రేడియేషన్ నిపుణుడు, పాథాలజిస్టు కలిసి కూర్చొని నిర్ణయం తీసుకునే చోటును ఎంచుకోండి. అరుదైన జబ్బుకు అలాంటి చోటే మంచిది.

ఖర్చు గురించి దిగులుపడి ఇంట్లో కూర్చోవద్దు. క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ చికిత్సలు ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఉన్నాయి. బయల్దేరేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత ఎక్స్‌రేలన్నీ, సిటీ స్కాన్ సీడీ, బయాప్సీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి. దారి తెలియకపోతే 104కు ఫోన్ చేయండి.

భయాలు, అపోహలు

‘సూది గుచ్చితే గడ్డ పాకుతుంది’, ‘కత్తి పడితే క్యాన్సర్ రెచ్చిపోతుంది’... మా ఓపీలో రోజూ వినే మాటలివి. బయాప్సీ వల్ల ఊపిరితిత్తి గడ్డ పాకటం చాలా చాలా అరుదు. ఆపరేషన్ తర్వాత కొందరి పరిస్థితి దిగజారిందంటే, చాలాసార్లు జబ్బు అప్పటికే పాకి ఉండటమే కారణం. పరీక్ష వద్దని పసరు మందులతో మూడు నెలలు గడిపి వచ్చేవారికి జరిగే నష్టం మాత్రం అరుదేమీ కాదు.

మరో అలవాటు, జబ్బు పేరు రోగికి చెప్పకుండా దాచటం. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ తనకేమైందో తెలియని మనిషి బీడీ ఎందుకు మానాలి? తిండి సహించకపోయినా ఎందుకు తినాలి? రెండొందల కిలోమీటర్లు ప్రయాణించి ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలి? ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో రోగినే అడిగి, అంతవరకు నెమ్మదిగా చెప్పటం మంచిది.

చికిత్సకు ముందు, తర్వాత

పేరు తెలిసి, ఆపరేషన్ తేదీ వచ్చేలోపు చేయదగినవి చాలా ఉన్నాయి. చుట్ట, బీడీ, సిగరెట్ ఈ రోజే మానాలి. ‘ఇప్పుడు మానితే ఏం లాభం’ అనొద్దు. ఆపరేషన్ తర్వాత నెమ్ము చేసే ముప్పు తగ్గుతుంది, గాయం త్వరగా మానుతుంది. రోజూ ఆయాసం రానంతమేర నడవాలి. మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఊపిరి వ్యాయామం చేయాలి. గుడ్లు, పప్పు, వేరుసెనగ, పెరుగు... ఇంట్లో దొరికే మాంసకృత్తులను రోజూ తినాలి. పథ్యం పేరుతో మజ్జిగన్నానికి పరిమితం చేస్తే ఒంట్లో సత్తువ తరిగిపోతుంది.

ఆపరేషన్ బాగా జరిగిందని మర్చిపోకూడదు కూడా. కార్సినాయిడ్, అడినాయిడ్ సిస్టిక్ వంటివి పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు. డాక్టరు చెప్పిన గడువుల్లో స్కాన్లకు వెళుతూనే ఉండాలి.

దుమ్ములో పనిచేసేవారికి ఒక మాట. మూతికి కట్టుకునే తువ్వాలు సన్నని సిలికా రేణువుల్ని ఆపలేదు. రాయిని నీళ్లతో తడుపుతూ కోయటం, దుమ్మును లాగేసే యంత్రాలు, సరిగా బిగిసే ఎన్-95 మాస్కు... వీటికే ఆ శక్తి ఉంది. సిలికోసిస్ అన్నది చట్టప్రకారం తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. పనిచేసిన ఏళ్లు, చేసిన పని ఏమిటన్నది మీ ఓపీ చీటీ మీద రాయించుకోండి. రేపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అది దారి చూపుతుంది. పనిలో ఉన్నవారు ఏటా ఒక ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకుంటే మార్పు వెంటనే తెలుస్తుంది.

ఇక చివరిగా ఆ ప్లాస్టిక్ కవరు సంగతి. ఇంట్లో అటక మీదో, బియ్యం డబ్బా వెనకో ఉన్న పాత ఎక్స్‌రేలను పారేయకండి. వెనక తేదీ రాసి, వరసగా పేర్చి పెట్టుకోండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టరు అడగకపోయినా బయటికి తీసి, ‘‘సార్, ఈ మచ్చ ముందు కూడా ఉందా? దీని పేరేంటి?’’ అని అడగండి. ఎంత రద్దీలో ఉన్న డాక్టరైనా ఆ ప్రశ్న విన్నాక ఒక్క క్షణం ఆగి, ఫిల్మ్‌ను వెలుతురులో పెట్టి చూడక తప్పదు.